గర్భంతో ఉన్న అమ్మాయికి పదిహేడేళ్లు: అమ్మానాన్నల సంతకమా, జడ్జి అనుమతా, పద్దెనిమిది దాకా ఆగడమా?

"అమ్మాయికి పదిహేడు, నెల తప్పింది, రెండు వైపులా పెద్దలు ఒప్పుకున్నారు. ఇంక పెళ్లికి అడ్డేముంది?" అని అడిగేవాళ్లు ఎంతకీ తగ్గడం లేదు. అడ్డం ఉందా లేదా అన్నది ఏ దేశంలో ఉన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. చట్టాలు మూడు దార్లు పట్టాయి. తల్లిదండ్రులు సంతకం పెడితే చాలన్నవి కొన్ని, జడ్జి చూసి సరేననాలన్నవి కొన్ని, పద్దెనిమిది నిండేదాకా ఎవరు చెప్పినా కుదరదన్నవి కొన్ని. భారతదేశం మూడో దారిలోనే ఉంది, కానీ ఒక మెలికతో.

వీటిలో ఏది మేలో తేల్చడానికి నేను అడిగేవి రెండే ప్రశ్నలు. ఆ పిల్లని పక్కన ఎవరూ లేకుండా కూర్చోబెట్టి ఎవరైనా అడిగారా? రేపు ఈ పెళ్లి వద్దనుకుంటే తనంతట తాను బయటికి రాగలదా?

అమ్మానాన్నల సంతకం ఇక్కడే తేలిపోతుంది. ఆపరేషన్‌కో పాస్‌పోర్టుకో వాళ్లు సంతకం పెడితే అది పిల్ల మేలు కోరే పెడతారని నమ్మొచ్చు. గర్భం విషయంలో అందరికంటే ఎక్కువ టెన్షన్‌లో ఉండేది వాళ్లే. నలుగురికీ తెలిసేలోపు పెళ్లి అయిపోవాలన్నది వాళ్ల అవసరం. అలాంటప్పుడు వాళ్ల ఒప్పుదల పిల్లకి రక్షణ ఎలా అవుతుంది? చాలా దేశాలు ఈ పద్ధతి వదిలేశాయి. జపాన్‌లో పదహారేళ్ల అమ్మాయి పెద్దల అనుమతితో పెళ్లి చేసుకునే వీలు 2022 ఏప్రిల్‌తో పోయింది. ఇంగ్లాండ్, వేల్స్‌లలో 2023 ఫిబ్రవరితో పోయింది. నెదర్లాండ్స్‌లోనైతే గర్భం ఉంటే పదహారుకే పెళ్లి చేసుకోవచ్చన్న మినహాయింపే ఉండేది, 2015 డిసెంబర్‌లో తీసేశారు. స్కాట్లాండ్‌లో పదహారు నిండితే పెద్దల సంతకం అక్కర్లేకుండానే పెళ్లి చేసుకోవచ్చు, అదో వేరే లెక్క.

జడ్జి అనుమతి వినడానికి బాగుంటుంది, కనీసం బయటి మనిషి ఒకరు చూస్తారు కదా అని. చూసేది ఏమిటన్నదే ప్రశ్న. ఫ్లోరిడాలో 2018 దాకా గర్భం ఉందని తేలితే ఎంత చిన్న వయసైనా జడ్జి పెళ్లికి అనుమతి ఇవ్వగలిగేవారు. తన మీద అత్యాచారం చేసినవాడితోనే పదకొండేళ్లకే పెళ్లి జరిగిపోయిన ఒకావిడ, పెద్దయ్యాక ఏళ్ల తరబడి పోరాడి ఆ చట్టం మార్పించారు. డాక్టరు రిపోర్టు నిజానికి నేరానికి సాక్ష్యం. దాన్నే పెళ్లికి అర్హతగా తీసుకున్నారు. బంగ్లాదేశ్ 2017 చట్టంలో 'ప్రత్యేక పరిస్థితులు' అన్న మినహాయింపు ఉంది. కోర్టు ఆదేశం, తల్లిదండ్రుల సమ్మతి ఉంటే చాలు, కింది వయసు హద్దంటూ లేదు. ఈ దారిలో కాస్త నయమనిపించేది కాలిఫోర్నియా 2019 నుంచి పెట్టిన పద్ధతి: పెళ్లి చేసుకునే ఇద్దరితోనూ విడివిడిగా మాట్లాడాలి. నా మొదటి ప్రశ్నకి అక్కడ జవాబు దొరుకుతుంది. రెండోదానికి మాత్రం కష్టమే, ఎందుకంటే అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో పెళ్లయినంత మాత్రాన మైనరుకి మేజర్ హక్కులు రావు.

ఇక మన చట్టం. 2006 బాల్య వివాహ నిషేధ చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21. గర్భం ఉందనో, పెద్దలు ఒప్పుకున్నారనో మినహాయింపు లేదు. పైగా దగ్గరుండి పెళ్లి చేసిన పెద్దల మీదే కేసు పడుతుంది. మెలిక ఏమిటంటే, ఈ పెళ్లి చాలా రాష్ట్రాల్లో దానంతట అది చెల్లకుండా పోదు. రద్దు చేయమని ఆ పిల్ల కోర్టుకి వెళ్లాలి. మేజర్ అయిన రెండేళ్లలోపు, అంటే ఇరవై నిండేలోగా వెళ్లాలి. చంకలో బిడ్డతో, అత్తగారింట్లో ఉంటూ, ఆ గడువు గుర్తుపెట్టుకునేవాళ్లు ఎంతమంది?

పెళ్లి చేసేస్తే పోక్సో (పద్దెనిమిది లోపు పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసు పోతుందన్న నమ్మకం ఒకటుంది. పోదు. గర్భంతో వచ్చిన పిల్లకి పద్దెనిమిది లోపని తెలిస్తే డాక్టరు పోలీసులకి చెప్పి తీరాలి. భార్య అయినా సరే, పద్దెనిమిది లోపైతే అది అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. తర్వాత పెళ్లి చేసుకున్నారని హైకోర్టులు కేసు కొట్టేసిన సందర్భాలు ఉన్నాయి. అవి ఆయా కేసుల్లో దొరికిన ఊరట, వాటిని నమ్ముకుని ముహూర్తం పెట్టుకోలేం.

ఈ వ్యవహారంలో అమ్మానాన్నల సంతకానికి చట్టంలో నిజంగా విలువున్నది పెళ్లికి కాదు, గర్భస్రావానికి. మైనరైతే గార్డియన్ రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. మైనర్లకి 24 వారాల దాకా వీలుంది. పిల్ల, గార్డియన్ కోరితే పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు డాక్టరు రాయక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కేసు భయంతో ఆసుపత్రికే వెళ్లనివాళ్లు ముందు తెలుసుకోవాల్సింది ఇది.

నేను మొగ్గేది మూడో దారికే. అలాగని అది మచ్చలేనిదేం కాదు. పశ్చిమ బెంగాల్‌కి చెందిన ఒక కేసులో పద్నాలుగేళ్లప్పుడు ఒకతని కోసం ఇల్లు విడిచి వెళ్లిన అమ్మాయి తర్వాత అతనితోనే కాపురం పెట్టింది, బిడ్డ పుట్టింది. పోక్సో కేసులో పడిన అతన్ని విడిపించుకోవడానికి పోలీసులు, కోర్టుల చుట్టూ తిరిగింది. 2025 మేలో సుప్రీంకోర్టు అతను దోషేనంటూనే, తన ప్రత్యేక అధికారాలు వాడి శిక్ష వేయకుండా వదిలేసింది. జరిగినదానికంటే ఆ తర్వాతి కోర్టు తిప్పలే ఆమెని ఎక్కువ బాధపెట్టాయని నిపుణుల కమిటీ చెప్పింది. ఈడూజోడూ కుర్రాళ్లని నేరస్తులుగా చూడటం మీద చర్చ జరగాల్సిందే. కానీ దానికి విరుగుడు పెళ్లి వయసు తగ్గించడం కాదని నా అభిప్రాయం.

"మరి బిడ్డ సంగతి?" అంటారు. తొందరంతా బిడ్డ కోసమే అయితే ఆ తొందర అక్కర్లేదు. పెళ్లి లేకుండా పుట్టిన బిడ్డకీ తండ్రి నుంచి భరణం అడిగే హక్కు ఉంది. జనన ధృవీకరణ పత్రానికి తండ్రి పేరు కావాలని ఆఫీసులో పట్టుబడితే, 2015 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం ఒంటరి తల్లి అఫిడవిట్ ఇస్తే సరిపోతుంది. అమ్మాయికి పద్దెనిమిది నిండినా అబ్బాయికి పంతొమ్మిదే అయితే ఇంకో రెండేళ్లు ఆగాల్సిందే. ముహూర్తాలు చూసేముందు అతని టెన్త్ సర్టిఫికెట్ కూడా ఒకసారి తీసి చూడండి.