యుద్ధం రికార్డులతో వంశవృక్షం కట్టడం: తొమ్మిదేళ్ళు వాడాక నా సమీక్ష

మా వంశవృక్షంలో తాతయ్య వాళ్ళ అన్న పేరు కింద చాన్నాళ్ళు ఒకే ఒక్క ముక్క ఉండేది, "యుద్ధంలో పోయాడు" అని. ఏ యుద్ధం, ఎక్కడ, ఏ ఏడు అని అడిగితే ఇంట్లో పెద్దవాళ్ళు మాట మార్చేసేవాళ్ళు. తొమ్మిదేళ్ళ కింద ఆ ముక్క పట్టుకుని మొదలుపెట్టాను. అప్పట్నుంచి మిలిటరీ రికార్డులు, సమాధుల డేటాబేస్‌లు, యుద్ధ ఖైదీల కార్డులు, పతకాలు, పెన్షన్ కాగితాలు ఇవన్నీ వాడుతూనే ఉన్నాను, మా ఇంటికే కాదు, అడిగిన స్నేహితుల కుటుంబాలకి కూడా చేసిపెట్టాను. రెండు రోజులు చూసి రాస్తున్నది కాదు ఇది, వాడినంత మేరకు ఉన్నదున్నట్టు చెప్తాను.

మొదటి ఏడాది మొత్తం పేరుతో వెతికాను, మొత్తం వృథా. మనకి ఇంటిపేరు ముందు, పేరు తర్వాత, కానీ సైన్యంలో పేరు రాసుకున్న గుమాస్తాకి అది పట్టలేదు, చాలామందికి ఇంటిపేరు అసలు రాయనే లేదు, ఉత్త పేరు, తండ్రి పేరు రాసి ఊరుకున్నారు, ఆ పేరు కూడా తన చెవికి ఎలా వినపడితే అలా ఇంగ్లీషులో రాశారు. రామయ్య అనే ఒక్క పేరే రమియా, రామయా, రమయ్య అని రకరకాలుగా కనపడుతుంది, ఇక ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బడిలో పేరు ఒకటి ఉన్నవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. నేనేమో ఇంటిపేరు కొట్టి సెర్చ్ నొక్కడం, ఏమీ రాకపోతే ఆయన రికార్డే లేదేమో అనుకోవడం.

దారి దొరికింది పతకంతో. నాయనమ్మ ట్రంకు పెట్టెలో గుండ్రటి బిళ్ళ ఒకటి ఉండేది, రిబ్బన్ ఎప్పుడో పోయింది, చిన్నప్పుడు మేం దాన్ని నేలమీద దొర్లించి ఆడుకున్నాం. ఒకవైపు రాజు తల, రెండోవైపు రెండు తలల డ్రాగన్ మీద నిలబడ్డ సింహం. తర్వాత తెలిసింది అది 1939-45 వార్ మెడల్ అని. రెండో ప్రపంచ యుద్ధం పతకాలు బ్రిటిష్ సైనికులకి పేరు చెక్కకుండానే ఇచ్చారు, భారత సైన్యం వాళ్ళకి ఇచ్చినవాటి మీద మాత్రం నంబరు, పేరు కొట్టి ఇచ్చారు. ఇది తెలియక ఎన్ని ఇళ్ళలో ఆ బిళ్ళలు అలా పడి ఉన్నాయో. ఫోన్ టార్చ్ వేసి, పతకాన్ని పక్కకి తిప్పి అంచు మీద వెలుగు ఏటవాలుగా పడేలా పెడితే అరిగిపోయిన అక్షరాలు నీడలాగా లేచాయి. ముందు నంబరు, తర్వాత సిపాయి అని పొట్టి అక్షరాల్లో, తర్వాత పేరు, చివర రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్‌కి (సైన్యానికి సరుకులు, రవాణా చూసే విభాగం) ఉండే పొట్టి పేరు. నంబర్లో ఒక అంకె మూడో ఎనిమిదో తేల్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. దాని మీద సన్నటి కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే తేలింది. దయచేసి ఎవరూ పతకానికి పాలిష్ పెట్టకండి, ఆ అక్షరాలే మనకి కావాల్సింది.

ఆ నంబరు, ఆ కోర్ పేరు చేతికొచ్చాక కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ డేటాబేస్‌లో పావుగంటలో దొరికాడు. 1917లో ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్‌గా మొదలైన సంస్థ ఇది, 1960లో పేరు మారింది. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన దాదాపు 17 లక్షల మంది రికార్డులు అందులో ఉన్నాయి, డబ్బులేమీ కట్టక్కర్లేదు. మా పెద్దతాత పేరు సింగపూర్ మెమోరియల్ మీద ఉంది, క్రాంజీ దగ్గర. సమాధి ఎక్కడో తెలియని 24,000 మందికి పైగా పేర్లు అక్కడి గోడల మీద చెక్కారు. నేను వాడిన వాటన్నిటిలో నా ఓటు దీనికే, ఎందుకంటే వాళ్ళు అప్పట్లో తయారుచేసిన రిజిస్టర్ పేజీల స్కాన్లు కూడా చాలావాటికి పెట్టారు, టైపు చేసిన దానిలో అనుమానం వస్తే స్కాన్ తెరిచి మన కళ్ళతో చూసుకోవచ్చు.

ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, అందులో లేకపోతే మనిషే లేడని కాదు. మొదటి ప్రపంచ యుద్ధానికి సంబంధించి ఆఫ్రికా, మధ్యప్రాచ్యం వైపు చనిపోయిన సైనికుల్లో, కూలీల్లో (ఎక్కువమంది తూర్పు ఆఫ్రికా, ఈజిప్టు వాళ్ళు) కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది వరకు, పేరుతో స్మరించలేదని, కొందరినైతే అసలు ఏ రకంగానూ స్మరించి ఉండకపోవచ్చని ఆ కమిషన్ వేసిన కమిటీయే 2021లో రిపోర్టు ఇచ్చింది. చదివి చాలా బాధపడ్డాను, ఒక స్నేహితురాలి ముత్తాత కోసం ఏడాదిగా వెతుకుతున్నాం అప్పటికి. తను ఇప్పటికీ అడుగుతూ ఉంటుంది.

ఇక కాగితాలు తగలబడిపోయిన కథలు. ఈ పనిలో దిగేవాళ్ళు ముందే తెలుసుకోవాలి, లేకపోతే ఏళ్ళు పోతాయి. 1940 సెప్టెంబర్లో లండన్ మీద బాంబులు పడినప్పుడు మొదటి ప్రపంచ యుద్ధం బ్రిటిష్ సైనికుల సర్వీస్ రికార్డుల్లో సుమారు 60 శాతం కాలిపోయాయి, మిగిలినవాటి అంచులు నల్లగా మాడి, నీళ్ళలో తడిసి ఉంటాయి. అమెరికాలో సెయింట్ లూయిస్‌లో 1973 జులై 12న అంటుకున్న మంటల్లో 160 నుంచి 180 లక్షల మంది ఫైళ్ళు పోయాయి, 1912 నుంచి 1960 లోపు ఆర్మీ నుంచి బయటికొచ్చిన వాళ్ళవి 80 శాతం వరకు. ఇంగ్లండ్, వేల్స్ 1931 జనాభా లెక్కలు 1942లో కాలిపోయాయి, 1941లో అసలు లెక్కలే తీయలేదు, అందుకే అక్కడి కుటుంబాల మీద పనిచేసేవాళ్ళు 1939 సెప్టెంబర్ 29న రేషన్ కార్డులకీ గుర్తింపు కార్డులకీ రాసుకున్న రిజిస్టర్ మీద ఆధారపడతారు. అన్నీ యుద్ధం వల్లే కాలలేదు, అయినా యుద్ధం మనుషుల్నే కాదు వాళ్ళున్నారనే ఆధారాల్ని కూడా మింగింది, అదే యుద్ధం వేరే చోట కొత్త కాగితాలు పుట్టించింది. జెనీవాలో రెడ్ క్రాస్ వాళ్ళు 1914లో పెట్టిన యుద్ధ ఖైదీల ఏజెన్సీ కార్డులు 70 లక్షల దాకా ఉన్నాయి, ఇప్పుడు ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. జర్మనీలోని ఆరోల్సెన్ ఆర్కైవ్స్‌లో నాజీల చేతిలో నలిగిన సుమారు 1.75 కోట్ల మందికి సంబంధించిన కాగితాలున్నాయి, యూదు కుటుంబాల వంశవృక్షాల్లో ఎన్నో కొమ్మలు అక్కడ తప్ప ఇంకెక్కడా కనపడవు.

యుద్ధ చరిత్ర పుస్తకాలు చదవాలా అని చాలామంది అడుగుతారు. చదవాలి, కానీ యుద్ధం మొత్తం కాదు, మన మనిషి ఉన్న యూనిట్ ఆ నెలలో ఎక్కడుందో అంతవరకు చదివితే చాలు. మా ఇంట్లో ఆయన రాసిన కార్డు ఒకటి మిగిలింది, 1941 నవంబర్‌ది, దాని మీద ఊరి పేరు లేదు, సెన్సార్ ముద్ర, ఫీల్డ్ పోస్టాఫీసు నంబరు మాత్రమే. ఆ నంబర్లు ఏ నెలలో ఎక్కడ పనిచేశాయో పాత తపాలా ముద్రలు సేకరించేవాళ్ళు లిస్టులు రాసిపెట్టారు, దాన్ని బట్టి మలయా (ఇప్పటి మలేషియా వైపు) అని తేలింది. జపాన్ సైన్యం మలయా తీరంలోని కోటబారులో దిగింది 1941 డిసెంబర్ 8న, సింగపూర్ లొంగిపోయింది 1942 ఫిబ్రవరి 15న. కార్డు వేసిన కొన్ని వారాలకే ఆయన ఎందులో ఇరుక్కున్నాడో ఆ రెండు తేదీలు చూస్తే తెలిసింది. ఎన్ని యుద్ధ సినిమాలు చూసినా అంత దగ్గరగా అనిపించలేదు నాకు. యూనిట్ల వార్ డైరీలు లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో చాలా ఉన్నాయి, రోజువారీ రాసినవి, మంచివే, కాకపోతే వాటిల్లో ఆఫీసర్ల పేర్లు రాస్తారు, సిపాయిల్ని ఎక్కువగా లెక్కగా రాస్తారు, ఇంతమంది కనపడలేదు అని. పేరు దొరుకుతుందని ఆశ పెట్టుకుని వెళ్ళకండి.

సర్వీస్ కాగితాల కోసమైతే రెజిమెంట్ రికార్డ్ ఆఫీసుకి రాయాలి. 1947లో సైన్యం కూడా రెండు దేశాలకీ పంచారు కాబట్టి ముందు ఆ యూనిట్ ఎటు వెళ్ళిందో చూసుకోండి. నంబరు, ర్యాంకు, పేరు, తండ్రి పేరు, మీకు ఆయన ఏమవుతారో చూపించే కాగితాలు అన్నీ కలిపి పంపండి, ఓపిగ్గా ఉండండి.

ఇప్పుడు నేను దెబ్బతిన్న సంగతి. డబ్బు కట్టి వాడే ఒక వంశవృక్షం సైట్లో ఆటోమేటిగ్గా హింట్‌లు వస్తాయి, "ఈయన మీ ఆయనేనా" అని. అదే పేరు, అదే కోర్, తండ్రి పేరులో మొదటి అక్షరం కూడా అదే, సంతోషంలో ఒప్పుకుని కలిపేశాను. ఎనిమిది నెలల తర్వాత చూస్తే ఆ మనిషి నంబరు వేరు, పోయిన ఏడు వేరు, ఈలోపు ఆయన వైపు వాళ్ళు 23 మంది మా వృక్షంలో చేరిపోయారు, దాన్ని చూసి ఇంకెవరో తమ వృక్షంలోకి కాపీ కూడా చేసుకున్నారు. ఒక్కొక్కరినీ తీయడానికి నెల పట్టింది, కాపీ చేసుకున్న వాళ్ళకి రాస్తే జవాబు లేదు, ఆ తప్పు ఇంకా అక్కడే తిరుగుతోంది. నంబరు కలవకుండా సైనికుణ్ణి కలపకూడదు, అంతే. రెండో ప్రపంచ యుద్ధానికి భారత సైన్యం 25 లక్షల దాకా పెరిగింది, ఒకే పేరున్న వాళ్ళు ఎంతమంది ఉంటారో మీరే ఆలోచించండి.

మార్కులు వేయమంటే ఐదుకి నాలుగున్నర వేస్తాను, ఆ అర మార్కు తీసింది హింట్‌ల గొడవకి. నాలుగున్నర ఎందుకో చెప్పడానికి మళ్ళీ ఆ సింగపూర్ రికార్డు దగ్గరికి రావాలి.

ఆ పేజీలో పేరు, నంబరు, తేదీ కింద అదనపు సమాచారం అని ఒక చిన్న గడి ఉంటుంది. ఫలానా వాళ్ళ కొడుకు, ఫలానా ఆమె భర్త, ఊరు. నేను తండ్రి పేరు సరిపోయిందా లేదా అని చూసుకుంటూ రెండో ముక్క దగ్గర ఆగిపోయాను. మా ఇంట్లో అందరూ ఆయనకి పెళ్ళే కాలేదు అన్నారు. వృక్షంలో ఆయన పక్కన గడి ఖాళీగా ఉంది. ఇక్కడ ఒక ఆడమనిషి పేరుంది. ఆస్తి కాగితాల్లో లేదు, ఇంట్లో రాసిన పుట్టిన తేదీల పుస్తకంలో లేదు, ఎవరి నోటా రాలేదు, వేల మైళ్ళ అవతల ఒక ఆఫీసువాళ్ళు ఆమె పేరు రాసి పెట్టారు. అప్పట్నుంచి ఎవరి కుటుంబానికి వెతికినా ఆ గడి ముందు చూస్తాను. అత్తగారిల్లు, పుట్టిల్లు ఎవరూ రాయని ఆడవాళ్ళ పేర్లు సైన్యం కాగితాల్లో దొరుకుతాయి, ఎందుకంటే కబురు ఎవరికి పంపాలి, పెన్షన్ ఎవరికి ఇవ్వాలి అని వాళ్ళు అడిగి రాసుకోవాల్సి వచ్చింది. నా మటుకు యుద్ధ రికార్డుల అసలు విలువ ఇదే, పోరాటాల సంగతి కాదు.

అయితే ఆ తర్వాత నేను చేసిన పని మాత్రం మీరు చేయకండి. ఉత్సాహంలో అప్పటికప్పుడు నాయనమ్మకి ఫోన్ చేసి ఆ పేరు చదివేశాను. అవతల చాలాసేపు ఏమీ వినపడలేదు, తర్వాత ఫోన్ పెట్టేసింది. ఎనభై దాటిన మనిషికి అలా చెప్పాల్సిన విషయం కాదు అది, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని అడగాల్సింది. పది రోజుల తర్వాత తనే చెప్పింది. కబురు వచ్చాక ఆమెని పుట్టింటికి పంపేశారట, అప్పటికి ఆమెకి పద్దెనిమిదో పందొమ్మిదో. నాయనమ్మ పెళ్ళికి వచ్చిందట, పందిట్లోకి రాకుండా దూరంగా గోడవార నిలబడి చూసి, భోజనం కూడా చేయకుండా వెళ్ళిపోయిందట. "నేను చూశాను, పిలవలేకపోయాను" అంది.

పెన్షన్ కాగితాల్లో ఉన్న ఊరు పట్టుకుని వెళ్తే ఆమె తమ్ముడి మనవలు దొరికారు. ఫోటో లేదు. పెన్షన్ పుస్తకం ఉంది, పేజీ పేజీకీ వేలిముద్రలు, మొదట్లో గుండ్రంగా స్పష్టంగా, చివర్లో సగం సగం, గీతలు అరిగిపోయి. వాళ్ళు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "మీ వాళ్ళకి ఆవిడ గుర్తుందా" అని. ఇప్పుడు వృక్షంలో ఆమె పేరుంది, పుట్టింటి కొమ్మతో సహా.

ఆ 1941 కార్డు ఈ తొమ్మిదేళ్ళలో ఎన్నిసార్లు చదివానో. ఉభయ కుశలోపరి అని మొదలవుతుంది, నాన్నగారికి రాసింది, ఇక్కడ వానలు ఎక్కువగా ఉన్నాయి, డబ్బు పంపాను అందిందా, పొలం సంగతి రాయండి అని నడిచి, చివర్లో "ఇంట్లో అడిగానని చెప్పండి" అని ఉంటుంది. ఇంట్లో అందరినీ అడిగానని చెప్పమన్నాడు అనుకున్నాను నేను. మొన్న నాయనమ్మకి చదివి వినిపిస్తుంటే ఆ మాట దగ్గర ఆపమంది. "ఇంట్లో అంటే అందరూ కాదే, ఆవిడే" అంది.