టబ్ స్పౌట్ కొనాలంటే ముందు మీ ట్యాంక్ సంగతి చూసుకోండి

బాత్‌టబ్ స్పౌట్, అంటే గోడలోంచి టబ్‌లోకి నీళ్ళు పడే కొళాయి మూతి, మార్చాలంటే ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఆర్డర్ పెట్టకండి, హైదరాబాద్ కోఠి దగ్గర ట్రూప్ బజార్‌కి వెళ్ళండి. అక్కడ నేను కొన్న షాపుకి ఐదుకి ఐదు ఇస్తాను, ధర తగ్గించారని కాదు, డబ్బా తీయకముందే అడగాల్సినవి అడిగారు కాబట్టి.

స్పౌట్‌లలో రెండు రకాలు. ప్లెయిన్‌దైతే నీళ్ళు టబ్‌లోకే పడతాయి. బటన్ ఉన్నదైతే, బటన్ పైకి లాగగానే నీళ్ళు హ్యాండ్ షవర్‌కి మళ్ళుతాయి. అమ్మకి హ్యాండ్ షవర్ లేనిదే కుదరదు కాబట్టి నేను బటన్‌దే అడిగాను. షాపులో పెద్దాయన "ఏ ఫ్లోర్ సార్? ప్రెషర్ పంపు ఉందా, ఉత్త ట్యాంకేనా?" అన్నారు. మాది పై అంతస్తు, పంపు లేదు. చాలా మోడళ్ళలో లాగిన బటన్‌ని పైన నిలబెట్టేది నీళ్ళ ప్రెషరే, అందుకే ట్యాప్ కట్టేయగానే అది కిందికి పడిపోతుంది. ట్యాంక్ పది అడుగుల ఎత్తులో ఉంటే వచ్చే ప్రెషర్ దాదాపు 0.3 బార్, అది చాలక స్నానం మధ్యలో బటన్ జారిపోతే షవర్ ఆగి ధార టబ్‌లో పడుతుంది. ఆయన లాగి పక్కకి తిప్పితే లాక్ అయ్యే రకం చూపించారు, మా ఇంట్లో అది గట్టిగా నిలబడుతోంది.

ఇంకోటి, మర. మన గోడల్లో ఎల్బోకి (పైపు చివరి మలుపు ముక్కకి) ఉండేది అరంగుళం బీఎస్పీ మర, అంటే బ్రిటిష్ కొలత మర. ఆన్‌లైన్‌లో కనిపించే దిగుమతి స్పౌట్‌లలో కొన్ని అమెరికాలో వాడే రాగి పైపుల కోసం చేసినవి, వాటికి మర ఉండదు, పైపు మీదికి తొడిగి అడుగున అలెన్ స్క్రూ బిగిస్తారు. మన సీపీవీసీ (ప్లాస్టిక్ పైపు) లైన్‌లో అవి దేనికీ పనికిరావు.

లోపలి మర రంగు కూడా చూడండి. పసుపు పచ్చగా ఉంటే ఇత్తడి. బూడిద రంగులో ఉంటే జింక్ మిశ్రమం అయ్యుండొచ్చు, పైన క్రోమ్ ఎంత మెరిసినా నేనైతే తీసుకోను. ఫ్లాట్‌తో పాటు మాకు వచ్చిన పాత స్పౌట్ అలాంటిదే, విప్పుతుంటే మర పొడిగా రాలిపోయింది.

బిగించడానికి షాపు వాళ్ళే ప్లంబర్‌ని పంపారు, చాలా శ్రద్ధగా చేశాడు. టైల్ అంచు నుంచి ఎల్బో ఎంత లోపల ఉందో కొలిచి, దానికి సరిపోయే ఎక్స్‌టెన్షన్ నిపుల్ (పొడుగు పెంచే చిన్న పైపు ముక్క) వేశాడు. టెఫ్లాన్ టేపు బిగించే వైపే, అంటే గడియారం ముల్లు తిరిగే వైపే చుట్టాడు. స్పౌట్‌ని చేత్తోనే తిప్పి, చివర్లో మాత్రం గుడ్డ చుట్టి పానాతో కొంచెం బిగించాడు, నేరుగా పానా పెడితే క్రోమ్ గీసుకుపోతుంది. ఫ్లాంజ్ (గోడకి ఆనే రింగు) చుట్టూ సిలికాన్ పెట్టి అడుగున మాత్రం కొంచెం ఖాళీ వదిలాడు, వెనకాల ఎప్పుడైనా లీక్ అయితే నీళ్ళు గోడలోకి ఇంకకుండా అక్కడి నుంచి బయటికి కారి మనకి తెలుస్తుందట. ఆ ఒక్క పనికే అతన్ని మళ్ళీ పిలుస్తాను.

బోరు నీళ్ళు వాడేవాళ్ళు బటన్ దగ్గర తెల్లగా సున్నం పేరుకోకుండా వారం వారం తుడుచుకోండి, వదిలేస్తే బటన్ బిగుసుకుపోతుంది. ట్రూప్ బజార్‌లో కారు పెట్టుకోవడం మాత్రం నరకం, మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్‌లో దిగి నడవండి. పాత స్పౌట్ విప్పి వెంట పట్టుకెళ్తే పని ఇంకా తొందరగా అయిపోతుంది.