ఫొటో వేయని మెమోరియల్ ట్రస్ట్: ఒక పీఈటీ (ఆటల మాస్టారి) రివ్యూ

మా బడికి మెమోరియల్ ట్రస్ట్ వాళ్లొచ్చారంటే ఆరోజు వర్ధంతి అని అర్థం. పోయినవారి ఫొటో అట్ట మీద అచ్చేసిన నోటు పుస్తకాలు పంచుతారు, పిల్లల్ని ఎండలో వరసగా నిలబెట్టి ఫొటోలు దిగుతారు, వెళ్లిపోతారు. వారం తిరిగేసరికి మావాళ్లు ఆ అట్ట మీది పెద్దమనిషికి కళ్లజోడూ కొమ్ములూ గీసేస్తారు. విశాఖ ఎంవీపీ కాలనీ నుంచి ఒక భార్యాభర్తలు కొడుకు పేరు మీద ట్రస్ట్ పెట్టామని వచ్చినప్పుడు నేను అడిగింది అందుకే: "నోటు పుస్తకాలాండీ?" మేడమ్ గారు కాదన్నారు. "ఏం కావాలో మీరే చెప్పండి మాస్టారూ" అన్నారు. ఇన్నేళ్ల సర్వీసులో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు.

పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు. వాళ్లబ్బాయికి పరుగు, ఈత, కొండలెక్కడం అంటే ప్రాణమట. అందుకే ఆటలకి, చదువుకి, అడవులూ కొండలూ తిప్పడానికి డబ్బు పెడతారు. ఇచ్చే వస్తువు దేని మీదా ఆ అబ్బాయి ఫొటో ఉండదు.

ముందు స్పైక్స్ సంగతి, అంటే అడుగున మేకులుండే పరుగు బూట్లు. అవి కాలికి బిగుతుగా పట్టుకోవాలి. అమ్మానాన్నలేమో "వచ్చే ఏడాదికి కూడా పనికొస్తాయి, ఒక సైజు పెద్దవి ఇప్పించండి" అంటారు. పెద్దవి వేసుకుంటే లోపల కాలు జారి మడమ ఒరుసుకుపోతుంది. ట్రస్ట్ సార్ గారు సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక వస్తారు, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుందని. న్యూస్‌పేపరు పరిచి, పిల్లల్ని దాని మీద నిలబెట్టి, పెన్సిలుతో రెండు పాదాల చుట్టూ గీసుకుంటారు. చెప్పుల్లేకుండా తిరిగిన పాదం వేళ్ల దగ్గర వెడల్పుగా ఉంటుంది, సైజు నంబరు ఒక్కటే చూస్తే సరిపోదు. బూట్లతోపాటు సింథటిక్ ట్రాక్‌కి 6 మిల్లీమీటర్ల మేకులు, మట్టి గ్రౌండుకి పొడుగువి, వాటిని విప్పే తాళం కూడా ఇస్తారు. కాలు పెరిగితే పాత జత వెనక్కి తీసుకుని చిన్నవాళ్లకి సర్దుతారు. సెలక్షన్స్‌కి వెళ్లే బస్సు ఛార్జీలు, దారిలో టిఫిను ఖర్చు ముందే చేతిలో పెడతారు. బిల్లులు తర్వాత ఇస్తే చాలు. ఆ చిన్న డబ్బు లేకే మంచి పిల్లలు ఇంట్లో ఉండిపోతారని బయటివాళ్లకి తెలీదు.

మన వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజీ 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హర్డిల్స్ పరుగెత్తాక ఆడపిల్లల్ని గ్రౌండుకి పంపమని అడగడం నాకు తేలికైంది. వాళ్ల నాన్న సెక్యూరిటీ గార్డు అని చెబితే ఇంకా శ్రద్ధగా వింటారు. కొండల దగ్గర మాత్రం ఆ మంత్రం పారదు. ఊరి పక్కనే ఉన్న కంబాలకొండ అడవిలో ట్రెక్‌కి సంతకం పెట్టమంటే ఒక పిల్లాడి తండ్రి "కొండెక్కితే మార్కులొస్తాయేటి మాస్టారూ?" అన్నాడు. మేడమ్ గారు "రావు బాబూ, ఆకలేస్తుంది" అన్నారు. నవ్వి సంతకం పెట్టాడు.

అరిలోవలో ఉండి, చిరుతపులి కబుర్లు వింటూ పెరిగి, పక్కనున్న కంబాలకొండలోకి ఒక్కసారీ అడుగుపెట్టని పిల్లలు మా బడిలో చాలామంది. ఇంకా విచిత్రం, సముద్రం పక్కనే ఉండీ ఈత రాదు. ట్రస్ట్ వాళ్లు స్విమ్మింగ్ పూల్ ఫీజు కట్టి నేర్పిస్తున్నారు. తర్వాత బీచ్‌కి తీసుకెళ్లి ఒడ్డు మీద నిలబెట్టి చూపిస్తారు. అలలు విరగకుండా నున్నగా కనబడే చోటే నీరు లోపలికి లాగుతుంది. లాగితే ఒడ్డుకి ఎదురీదకూడదు, కంగారు పడకుండా ఒడ్డు వెంబడి పక్కకి ఈదాలి. ఆర్కే బీచ్‌లో, యారాడ బీచ్‌లో ఏటా మునిగిపోయేవాళ్లని చూస్తున్నాం కదా, ఈ ఒక్క క్లాసు కోసమైనా నేను వీళ్లని మెచ్చుకుంటాను.

చదువు సాయం దగ్గర మాత్రం నాకు అసంతృప్తే. ఇంటర్ ఫీజుకి ఆదాయ ధ్రువపత్రం, రేషన్ కార్డు, స్టడీ సర్టిఫికెట్, మార్కుల మెమో అన్నీ అడుగుతారు. అడగడం తప్పు కాదు. కానీ జూన్‌లో ఇస్తే డబ్బు దసరా దాటాక వచ్చింది. ఈలోపు కాలేజీవాళ్లు ఊరుకుంటారా? మా కబడ్డీ పిల్ల తల్లి చెవి కమ్మలు తాకట్టు పెట్టి మొదటి విడత కట్టింది. బూట్ల విషయంలో అంత చురుగ్గా ఉండేవాళ్లు ఫీజు ఫైలు కమిటీకి అప్పగించి ఎందుకు చేతులు దులుపుకుంటారో నాకు అర్థం కాదు. మొహం మీదే చెప్పాను, ఈ ఏడాది చూడాలి. ఐదులో నాలుగు స్టార్లే ఇస్తున్నాను.

విరాళం ఇచ్చేవాళ్లకి: ఆదాయపు పన్ను మినహాయింపు ఉంది, దానికి కావలసిన సర్టిఫికెట్ కూడా పంపుతారు. నగదు 2000 రూపాయలు దాటితే మినహాయింపు రాదు కాబట్టి బ్యాంకు ద్వారానే పంపండి. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఈ మినహాయింపు ఎలాగూ లేదు.

తోటి పీఈటీలకి ఒక మాట. పిల్లల పేర్లు ఇచ్చేటప్పుడు మెడల్స్ వచ్చినవాళ్లవే ఇవ్వకండి, వీళ్లు ఆ లిస్టు చూడరు. రోజూ గ్రౌండుకి వచ్చే పిల్లలెవరని హాజరు పుస్తకం అడుగుతారు, అది రాసి పెట్టుకోండి.