నకిలీ రివ్యూలపై గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఫిర్యాదు సదుపాయం: చిన్న వ్యాపారికి ఎంతవరకు అక్కరకొస్తుంది?

ముక్కూ మొహం తెలియని వ్యక్తి ఎవరో ఒక చిన్న వ్యాపారానికి ఒక్క స్టార్ ఇచ్చి, "డబ్బు తీసుకుని మోసం చేశారు, ఎవరూ వెళ్లకండి" అని రాసిపోయినప్పుడు, ఆ యజమానికి మొదట తోచే దారి, గూగుల్ సెర్చ్‌లోనూ మ్యాప్స్‌లోనూ వ్యాపారం వివరాలు, రివ్యూలు చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లోని ఫిర్యాదు సదుపాయమే. అది ఉచితం, ఫోన్‌లోనే అందుబాటులో ఉంటుంది, లాయరు అవసరం లేదు. ఈ సేవ గురించి నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. రివ్యూ నిబంధనలను ఉల్లంఘించిందన్న సంగతి దాని వాక్యాల్లోనే కనిపిస్తున్నప్పుడు ఇది బాగానే పనిచేస్తుంది. రాసినది నిజమా, అబద్ధమా అని తేల్చవలసి వస్తే మాత్రం చేతులెత్తేస్తుంది. ఈ తేడా తెలియకుండా ఫిర్యాదు చేసినవారు వారాల తరబడి ఎదురుచూసి నిరాశ పడుతున్నారు. ఈ సమీక్ష ప్రధానంగా వారి కోసమే.

నష్టం ఎంతో లెక్క వేసి చూస్తేనే విషయం తీవ్రత అర్థమవుతుంది. ఒక వ్యాపారానికి ఇరవై రివ్యూలుండి, అన్నీ ఐదు స్టార్లవే అనుకుందాం. ఐదుగురు కూడబలుక్కుని ఒక్కో స్టార్ చొప్పున ఇస్తే సగటు 4.2కు పడిపోతుంది. అదే ఐదు స్టార్ల రివ్యూలు రెండు వందలున్న వ్యాపారంపై ఆ ఐదుగురే అదే పని చేస్తే సగటు 4.9 దగ్గర నిలుస్తుంది. అంటే అదే దాడితో పెద్ద సంస్థకు గీత కూడా పడదు, కొత్తగా నిలదొక్కుకుంటున్నవారిని మాత్రం కుదిపేస్తుంది. ఈ అసమానత వల్లనే ఫిర్యాదు సదుపాయం సక్రమంగా ఉండవలసిన అవసరం చిన్నవారికి ఎక్కువ.

పని చేసే తీరు సులభంగానే ఉంటుంది. యజమాని తన ప్రొఫైల్‌లో ఆ రివ్యూను ఎంచుకుని, ఏ కారణంతో ఫిర్యాదు చేస్తున్నాడో సూచించాలి. విషయానికి సంబంధం లేనిది, స్పామ్, స్వప్రయోజనంతో రాసినది, బూతులు, వేధింపు, ద్వేషం, వ్యక్తిగత సమాచారం బయటపెట్టడం వంటి కారణాలు అక్కడ కనిపిస్తాయి. ఫిర్యాదు ఏ దశలో ఉందో చూసుకోవడానికి వేరే పేజీ ఉంది. నిబంధనల ఉల్లంఘన లేదని తేల్చినప్పుడు ఒకసారి అప్పీల్ చేసుకోవచ్చు. అప్పీల్ ఒక్కసారే కాబట్టి, కోపం చల్లారకముందే దాన్ని వాడేసుకోవడం తెలివైన పని కాదు.

కారణాన్ని ఎంచుకోవడంలోనే సగం ఫలితం ఉంటుందని నా నమ్మకం. రివ్యూ చదవగానే మనసుకు తగిలే మాట ఒకటి, నిబంధనకు తగిలే మాట మరొకటి. పోటీ వ్యాపారి గానీ, పని మానేసిన ఉద్యోగి గానీ రాశాడని నమ్మకం ఉన్నప్పుడు, "ఇది అబద్ధం" అని మొత్తుకోవడం కన్నా స్వప్రయోజనం అనే కారణాన్ని ఎంచుకోవడం సరైనది, ఎందుకంటే పోటీదారును దెబ్బతీయడానికి రాసిన రివ్యూలనూ, ఉద్యోగ అనుభవాలను రివ్యూలుగా పెట్టడాన్నీ గూగుల్ నిబంధనలు నిషేధిస్తాయి. సిబ్బందిలో ఒకరి ఫోన్ నంబరు రాసి దూషించినప్పుడు దూషణ కన్నా వ్యక్తిగత సమాచారం అనే కారణమే బలమైనది, నంబరు కళ్లెదుటే కనిపిస్తుంది కదా.

ఈ సేవకున్న అసలు పరిమితి ఇక్కడే మొదలవుతుంది. వ్యాపారికీ వినియోగదారుడికీ మధ్య వాస్తవాలపై భేదాభిప్రాయం వస్తే తాము జోక్యం చేసుకోమని గూగుల్ తన సహాయ పేజీల్లోనే స్పష్టంగా చెబుతోంది. "వాయిదా మీద వాయిదా వేసి పని పూర్తి చేయలేదు" అని అసలు రానే రాని మనిషి రాసినా, ఆ వాక్యం మర్యాదగా, వ్యాపారానికి సంబంధించినదిగా ఉన్నంతవరకు నిబంధనల దృష్టికి అందులో తప్పు కనిపించకపోవచ్చు. బూతులు రాసినవాడు దొరికిపోతాడు, నింపాదిగా అబద్ధం అల్లినవాడు నిలబడిపోతాడు. దీన్ని నేను ఈ సేవలోని అతి పెద్ద లోపంగా భావిస్తున్నాను. అయినా రెండో వైపు కూడా చూడాలి. యజమాని మాట మీదే రివ్యూలు తొలగించే పద్ధతి వస్తే, నిజంగా మోసపోయినవారి గొంతు మొదట నొక్కుకుపోతుంది.

సంస్థ వైపు నుంచి జరుగుతున్న పని తక్కువేమీ కాదు. నిబంధనలకు విరుద్ధమైన రివ్యూలను 2023లో 17 కోట్లకు పైగా, 2024లో 24 కోట్లకు పైగా అడ్డుకోవడమో తొలగించడమో చేశామని గూగుల్ ప్రకటించింది. ఇంత పరిమాణాన్ని మనుషులు ఒక్కొక్కటిగా చదివి తేల్చలేరు, యంత్రమే ముందు వడపోస్తుంది. తన దుకాణానికి ప్రాణం పోయినంత పనయిన ఒక్క రివ్యూ మీద ఎవరో కూర్చుని విచారణ జరుపుతారని యజమాని ఆశించకూడదు.

కాబట్టి ఫిర్యాదు బటన్ నొక్కే ముందే ఆధారాలు పదిలపరచుకోవడం ముఖ్యం. రాసినవారు రివ్యూను ఎప్పుడైనా మార్చవచ్చు, తీసేయవచ్చు. అందువల్ల తేదీతో సహా స్క్రీన్‌షాట్, రివ్యూ లింకు, రాసిన వ్యక్తి ప్రొఫైల్ లింకు ముందుగా భద్రపరచాలి. ఆ ప్రొఫైల్‌లో మిగతా రివ్యూలు చూస్తే కొన్ని సంగతులు బయటపడతాయి. ఒకే రోజున దూరదూరపు ఊళ్లలోని అదే రకం వ్యాపారాలకు ఒక్కో స్టార్ ఇచ్చి, ఒకే ఒక్క వ్యాపారాన్ని ఆకాశానికెత్తి ఉంటే అనుమానించవలసిందే. కొత్త ఖాతా, ఒకే రివ్యూ అన్నంత మాత్రాన నకిలీ అనలేము, కోపం వచ్చిన నిజమైన వినియోగదారుడు జీవితంలో మొదటి రివ్యూ రాసేది తరచుగా ఆ రోజే. బిల్లులు, అపాయింట్‌మెంట్ పుస్తకం, ఫోన్ కాల్స్ వరుస అన్నీ ఒకసారి తిరగేసి, ఆ మనిషి నిజంగా వచ్చాడా అన్నది ముందు మనకు మనం తేల్చుకోవాలి.

ఈ సేవలో అందరూ తక్కువగా వాడే భాగం, నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించే భాగం యజమాని జవాబు. తొలగింపు మన చేతిలో లేదు, జవాబు మన చేతిలో ఉంది. అది రివ్యూ రాసినవాడి కోసం కాదు, రేపు ఆ పేజీ తెరిచే కొత్త వినియోగదారుడి కోసం. "నమస్కారం. మీరు పేర్కొన్న పని గురించి మా బిల్లుల్లో వెతికాము, మీ పేరుతో నమోదు ఏదీ కనిపించలేదు. వేరే పేరుతో వచ్చి ఉంటే దయచేసి బిల్లు నంబరుతో మమ్మల్ని సంప్రదించండి, వెంటనే పరిశీలిస్తాము" అని రాస్తే సరిపోతుంది. ఇందులో నిందలేదు, బతిమాలడం లేదు, వచ్చినవాడి వివరాలు బయటపెట్టడం కూడా లేదు. వైద్యులు, లాయర్లు, అకౌంటెంట్లు ఈ చివరి విషయంలో మరింత జాగ్రత్త పడాలి. "మీరు ఫలానా సమస్యతో మా దగ్గరికి వచ్చారు" అని జవాబిస్తే, రివ్యూ కన్నా పెద్ద చిక్కు ఆ జవాబే తెచ్చిపెడుతుంది.

స్నేహితులతో, బంధువులతో ఐదు స్టార్లు వేయించి రేటింగును పైకి లాగుదామనే ఆలోచన చాలామందికి వస్తుంది. అది కూడా నకిలీయే. అలా దొరికిన ప్రొఫైల్‌కు కొత్త రివ్యూలు రాకుండా కొంతకాలం ఆపడం, నకిలీ రివ్యూలు తొలగించామనే హెచ్చరికను అందరికీ కనిపించేలా పెట్టడం గూగుల్ నిబంధనల్లో ఉన్నాయి. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెచ్చిన నియమం 2024 అక్టోబరు నుంచి నకిలీ రివ్యూలను కొనడాన్నీ అమ్మడాన్నీ నిషేధించింది. నిజంగా వచ్చిన వినియోగదారులను రివ్యూ రాయమని అడగడంలో తప్పులేదు, దానికి బదులుగా తగ్గింపు ఇస్తామనడమే తప్పు.

నిబంధనలు కాపాడనప్పుడు పరువు నష్టం చట్టం మిగిలి ఉంటుంది. గూగుల్‌లో చట్టపరమైన తొలగింపు అభ్యర్థనకు వేరే ఫారం ఉంది. అందులో ఏ వాక్యం అబద్ధమో, ఎందుకు అబద్ధమో రాయాలి, "మొత్తం రివ్యూ తప్పు" అంటే చాలదు. "సేవ నాకు నచ్చలేదు" అనేది అభిప్రాయం, "నా డబ్బు కాజేశారు" అనేది వాస్తవమని చెబుతూ చేసిన ఆరోపణ, చట్టం పట్టించుకునేది ముఖ్యంగా రెండోదాన్నే. దేశాన్ని బట్టి దారి మారుతుంది. ఇంగ్లండులో 2013 నాటి చట్టం ప్రకారం వ్యాపార సంస్థ తీవ్రమైన ఆర్థిక నష్టాన్ని చూపించాలి. అమెరికాలో 1996 నాటి చట్టంలోని 230వ సెక్షన్, ఇతరులు రాసిన మాటలకు బాధ్యత పడకుండా ఇంటర్నెట్ వేదికలకు రక్షణ ఇస్తుంది. 2018లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చూసిన ఒక కేసులో, రివ్యూ రాసిన వ్యక్తిపై ఒక లాయరు తీర్పు గెలిచినా, ఆ రివ్యూను తీసేయాలని అది ఉన్న రివ్యూల వేదిక యెల్ప్ సంస్థను బలవంతపెట్టడం కుదరలేదు.

చివరగా, "డబ్బు కట్టండి, ఏ రివ్యూనైనా తీయించేస్తాం" అని ఫోన్ చేసే ఏజెన్సీల సంగతి. వారికి ఫిర్యాదు చేయడానికి ఉన్న ఫారం యజమానికి ఉన్న ఫారమే, వేరే తలుపు ఏదీ లేదు. కారణం సరిగ్గా ఎంచుకుని, ఆధారాలు పొందికగా పెట్టి, అప్పీల్ రాసిపెట్టే శ్రమకు రుసుము అడిగితే అది న్యాయమైన సేవే, తీరిక లేని యజమానికి ఉపయోగపడుతుంది. తొలగింపుకు గ్యారంటీ ఇస్తామంటూ ముందుగానే మొత్తం డబ్బు అడిగేవారికి మాత్రం పైసా ఇవ్వవద్దు, ప్రొఫైల్ పాస్‌వర్డ్ అసలే చెప్పవద్దు.