ఉచిత సర్టిఫికెట్టా, డబ్బు పెట్టి కొన్నదా: ఏది మేలు?

మా మావయ్య వైజాగ్ ఎంవీపీ కాలనీలో ఉంటూ అరకు, లంబసింగి టూర్లు నడుపుతాడు. మొన్న ఫోన్లో తన వెబ్‌సైటు తెరిచి చూపించాడు. అడ్రసు పక్కన 'నాట్ సెక్యూర్' అని ఉంది. "ఒరేయ్ అల్లుడూ, పార్టీలు ఇది చూసి భయపడుతున్నార్రా. సైటుకు సెక్యూరిటీ సర్టిఫికెట్ కొనాలట, ఏడాదికి వేలల్లో అవుతుందట. కొనేయనా?"

క్రోమ్ 2018 జులై నుంచి హెచ్‌టీటీపీ సైట్లన్నిటికీ, అంటే సమాచారాన్ని ఉన్నదున్నట్టే పంపే సైట్లకు, ఆ మాట తగిలిస్తోంది. అలాగే వదిలేయడం మాత్రం తప్పు. ఆయన బుకింగ్ ఫారంలో జనం పేరు, ఫోన్ నంబరు, ఊరెళ్లే తేదీలు రాస్తారు. ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని వేరెవరూ చదవలేనట్టు మార్చడం) లేకపోతే, బీచ్ రోడ్డులో ఏ పాస్‌వర్డూ లేని వైఫైలో కూర్చుని పంపితే, పక్క టేబుల్‌వాడు కూడా అవి చదివేయగలడు.

ఆ ఎన్‌క్రిప్షన్ కోసం సైటుకు సర్టిఫికెట్ ఉండాలి. ఇక దాన్ని కొనాలా, ఉచితంగా తెచ్చుకోవాలా? లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 డిసెంబరు నుంచి సర్టిఫికెట్లు అందరికీ ఉచితంగా ఇస్తోంది. ఉచితం కాబట్టి రక్షణ తక్కువేమో అని చాలామందికి అనుమానం. తక్కువ కాదు. సమాచారాన్ని గుట్టుగా మార్చేది బ్రౌజరూ సర్వరూ కలిసి. ఈ డొమైన్ (సైటు అడ్రసు) వీళ్లదే అని చెప్పడం వరకే సర్టిఫికెట్ పని. ఖరీదైన రకాల్లో కంపెనీ కాగితాలు కూడా పరిశీలిస్తారు. ఒకప్పుడు ఆ కంపెనీ పేరు అడ్రసు పక్కనే కనిపించేది. 2019లో క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ తీసేశాయి. బ్యాంకులకు వాటి నిబంధనలు వాటికుంటాయి. మావయ్యకు ఆ ఖర్చు దండగ.

ఉచితంలో ఇబ్బంది గడువు: 90 రోజులే. ద్వారకానగర్‌లో ఒక స్నేహితుడి స్వీట్ల షాపు సైటుకు నేనే చేత్తో రెన్యూ చేసేవాణ్ణి. సరిగ్గా సంక్రాంతి ముందు మర్చిపోయాను. సైటు తెరిస్తే హెచ్చరిక, ఆర్డర్లన్నీ ఆగిపోయాయి. పొద్దున్నే వాడి ఫోన్ వస్తే ఎంత టెన్షన్ పడ్డానో! ఆ రోజే సర్ట్‌బాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టేశాను, ఇప్పుడు దానంతటదే రెన్యూ అవుతుంది. కొన్నవాళ్లకూ ఈ పని తప్పదు: 2026 మార్చి నుంచి గరిష్ఠ గడువు 200 రోజులు, 2029 మార్చికి 47 రోజులే.

మావయ్యకు ఉచితమే పెట్టాను. "మరి తాళం గుర్తేదిరా?" అన్నాడు. తాళం ఉంటే సైటు నిజాయితీది అనుకుంటున్నారని 2023లో క్రోమ్ దాన్ని తీసేసింది. మోసగాళ్లకూ సర్టిఫికెట్లు దొరుకుతాయి కదా. అందుకే ఆయన ఆఫీసు అడ్రసు, జీఎస్టీ నంబరు, బోర్డు ఫొటో కూడా సైటులో పెట్టించాను.