డబ్బు అడగని పబ్లిషరు: నా మొదటి కథల పుస్తకం అనుభవం

డబ్బు తీసుకుని పుస్తకం వేసిపెట్టే సంస్థ ఒకటి నాకు అమ్మిన ప్యాకేజీ సంగతి ముందు చెబుతాను. మొత్తం 32,000 రూపాయలు. అందులో అడ్వాన్సుగా కట్టిన 5,000 పోయాయి. సంతకం పెట్టలేదు కాబట్టి మిగతా 27,000 నా దగ్గరే ఉన్నాయి.

ఫోన్లో వాళ్ల ప్రకటన చూసి నా నంబరు, ఒక కథ పంపాను. పది నిమిషాల్లో ఒకమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, మీ స్క్రిప్టు సెలెక్ట్ అయింది, కంగ్రాట్స్" అంది. ఏ కథమ్మా అది, పేరు చెప్పు అంటే చెప్పలేకపోయింది. అయినా ఆ సాయంత్రమే అడ్వాన్సు పంపేశాను. పదకొండేళ్లుగా రాస్తున్న మనిషికి "సెలెక్ట్ అయింది" అనే మాట చెవిన పడితే తర్వాత చెప్పేవేవీ వినపడవు. నాలాంటి వాళ్లు ఇంకా ఉంటారు కాబట్టే ఇదంతా రాస్తున్నాను. సంస్థల పేర్లు రాయను, మంచిదైనా చెడ్డదైనా. పేరు లేకుండానే మీరు గుర్తుపట్టగలిగేలా రాస్తాను.

ఆ ప్యాకేజీలో ఏముందంటే, 100 కాపీలు, కవరు బొమ్మ, ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టడం. ఐఎస్‌బీఎన్‌కు, అంటే ప్రతి పుస్తకానికీ విడిగా ఇచ్చే గుర్తింపు నంబరుకు, 2,500. "ప్రముఖుల ముందుమాట"కు 4,000. ప్రూఫ్ చూడటానికి పేజీకి ఇంతని విడిగా కట్టాలి. నైట్ డ్యూటీలో కాగితం మీద లెక్క వేసుకున్నాను. వంద కాపీలకు 32,000 అంటే ఒక్కో కాపీ నాకు 320 పడుతుంది. పుస్తకం వెల మాత్రం 160 వేస్తామన్నారు. వంద కాపీలూ నేనే అమ్ముకున్నా సగం డబ్బే తిరిగొస్తుంది. ఇక ఐఎస్‌బీఎన్ మన దేశంలో ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ ఇస్తుంది. పబ్లిషర్లే కాదు, రచయిత కూడా సొంతంగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉచితంగా దొరికే నంబరుకు నా దగ్గర 2,500 అడిగారు.

అగ్రిమెంటు వచ్చాక మా ఆడపడుచు భర్తకు వాట్సాప్‌లో పంపాను. ఆయన కోర్టులో ప్లీడరు. "అన్నయ్యా, ఒకసారి చూడండి" అన్నాను. రాత్రి ఫోన్ చేసి, "చెల్లెమ్మా, డబ్బు నువ్వే కడుతున్నావు, హక్కులూ నువ్వే రాసిస్తున్నావు. మరి వాళ్లు ఇస్తున్నదేమిటి?" అన్నాడు. అందులో "శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా, అన్ని రూపాల్లో" అని ఉంది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు రాసిచ్చేటప్పుడు ఏ హక్కు, ఎన్నేళ్లు, ఏ ప్రాంతానికి అన్నది కాగితం మీద ఉండాలట. గడువు రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకు అని చట్టమే చెబుతుందట. అంటే ఏమీ రాయకపోయినా నాకు ఇంతకన్నా మేలు జరిగేది. ఆ "శాశ్వతంగా" అన్న మాట చుట్టూ ఆయన ఎర్ర పెన్నుతో సున్నా చుట్టిన కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

సొంత డబ్బుతో పుస్తకం వేసుకోవడం తప్పని నేను అనడం లేదు. తెలుగులో ఎంతోమంది అలాగే వేసుకున్నారు. పుస్తకం రెండో పేజీలో "ప్రతులకు" అని రచయిత ఇంటి అడ్రసు, దాని కింద పుస్తకాల షాపుల పేర్లు ఉండటం మనకు అలవాటే. ప్రెస్సుకు వెళ్లి, కాగితం రేటు మాట్లాడుకుని, డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీల కూర్పు, చేయించుకుని, కాపీలు ఆటోలో ఇంటికి తెచ్చుకుంటే కాపీలూ మనవే, హక్కులూ మనవే. అది నిజాయితీ పని. నాకు మాత్రం అది వద్దనిపించింది. నా కథల మీద వేరే ఒకరు తమ డబ్బు పెట్టాలి, పెట్టేముందు చదవాలి, బాగాలేకపోతే బాగాలేదని చెప్పాలి. నాకు కావలసింది అదే.

నేను ఒంగోలులో స్టాఫ్ నర్సుని. సర్వీసులో ఎక్కువ కాలం కాన్పుల వార్డులోనే చేశాను. కథలన్నీ ఆ వార్డువే. పద్నాలుగు కథలు. కొన్ని ఆదివారం అనుబంధాల్లో, కొన్ని వెబ్ పత్రికల్లో వచ్చాయి.

అడ్వాన్సు పోయిన బాధ తగ్గాక ఒక వీక్లీ ఆఫ్ రోజు తెల్లవారుజామున రైలెక్కి విజయవాడ వెళ్లాను. ఏలూరు రోడ్డులో పుస్తకాల షాపులన్నీ తిరిగాను. కొత్త రచయితల కథల పుస్తకాలు తీసి, మొదటి కథ బదులు రెండో పేజీ చదివాను. ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, ఎన్ని ప్రతులు, రెండో ముద్రణ ఉందా, కాపీరైట్ ఎవరి పేరున ఉంది. నోటుబుక్కులో రాసుకుంటుంటే షాపాయన చూశాడు. సంగతి చెప్పాను. "ఎవరు బాగా వేస్తారని అడగొద్దమ్మా. ఎవరి పుస్తకాలకి మేం రెండోసారి ఆర్డరు పెడతామో అది అడగండి" అన్నాడు. నాలుగు పేర్లు ఆయనే చెప్పాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు దొరికిన మొదటి మంచి సలహా అది, దానికి ఆయన ఏమీ తీసుకోలేదు. నేనే నాలుగు పుస్తకాలు కొనుక్కుని వచ్చాను.

ఆ నలుగురికీ పంపాను. మొదట తెలివితక్కువ పని ఒకటి చేశాను, పేపర్ కటింగులు ఫోటోలు తీసి పంపాను. ఒకాయన మర్యాదగానే జవాబిచ్చాడు: "టైపు చేసి పంపండి మేడమ్, యూనికోడ్‌లో." అంటే ఏ ఫోన్లోనైనా, కంప్యూటర్లోనైనా కనపడే తెలుగు టైపులో. అందుకు రెండు నెలలు పట్టింది. డ్యూటీ అయ్యాక ఫోన్లోనే టైపు చేశాను. తర్వాత మూడు కథలు, ఒక పేజీ ఉత్తరం పంపాను. ఉత్తరంలో నా గురించి నాలుగు వాక్యాలు, కథల గురించి ఎనిమిది వాక్యాలు. ఇంకేమీ లేదు.

ఒకరి దగ్గర్నుంచి ఏడు నెలలైనా జవాబు లేదు. ఇంకొకరు కథలు వేయడం లేదు, నవల ఉంటే పంపండి అన్నారు. మూడో వాళ్లకు కథలు నచ్చాయి, కానీ సగం ఖర్చు పెట్టుకోమన్నారు. వాళ్లను తప్పు పట్టను, సూటిగా చెప్పారు. నాలుగో వాళ్లు అయిదో నెలలో మెయిలు రాశారు: "మిగతా కథలు కూడా పంపండి. తొందరపెట్టకండి." ఆ రెండో వాక్యానికి నాకు టెన్షన్ వచ్చింది. ఇప్పుడనిపిస్తుంది, ఆ ఉత్తరంలో నిజమైన వాక్యం అదేనని.

అక్కడి నుంచి జరిగిన పనికే నేను పూర్తి మార్కులు వేస్తాను.

ఆ నాలుగో వాళ్ల ఎడిటరు పద్నాలుగు కథలూ చదివి రెండు తీసేయమన్నారు. ఒకటి నాకు బహుమతి వచ్చిన కథ. వారం రోజులు ఆయనకు ఫోన్ చేయలేదు. తర్వాత కథ మళ్లీ చదువుకుంటే అది కథ కాదు, ఆరోగ్యశాఖ కరపత్రం. ఆరు కథల్లో చివరి పేరా కొట్టేశారు. ప్రతిచోటా నేను నీతి చెప్పి ముగించాను, అది లేకపోయినా కథ అప్పటికే అయిపోయిందని పక్కన రాశారు.

అన్నిటికన్నా నాకు బాగా గుర్తున్నది ఒక్క మాట గురించిన సంభాషణ. "మేడమ్, మీ వార్డులో ప్రసవం అని ఎవరంటారు?" అని ఫోన్లో అడిగారు. ఆలోచించాను. ఎవరూ అనరు. పేషెంటు వెంట వచ్చిన ముసలమ్మ కాన్పు అంటుంది. మేమూ డాక్టర్లూ డెలివరీ అంటాం. పురుడు పోయడం అనే మాట పల్లెల నుంచి వచ్చినవాళ్ల నోట ఇంకా వినపడుతుంది. ప్రసవం అని కాగితాల మీద రాస్తాం, అంతే. నేను మాత్రం కథల నిండా ప్రసవం, ప్రసవ వేదన అని రాసి పెట్టాను, అచ్చులో రాయాలంటే అలా రాయాలేమో అనుకుని. పదమూడేళ్లుగా రోజూ చెవిన పడుతున్న మాటలు వదిలేసి, పుస్తకాల్లో చదివిన మాట పట్టుకున్నానని ఆయన అడిగేదాకా నాకు తెలియలేదు. పన్నెండు కథలూ ముందునుంచి మళ్లీ రాశాను. నాలుగు నెలలు. ఆ ప్యాకేజీ అమ్మాయి నా కథలు యథాతథంగా అచ్చు వేసేది, నేను సంతోషపడేదాన్ని కూడా.

వీళ్ల అగ్రిమెంటు రెండు పేజీలే. తెలుగులో అచ్చు పుస్తకం హక్కు ఒక్కటే వాళ్లకి, అది అయిదేళ్లు. ఈబుక్, ఆడియో, అనువాదం, సినిమా అన్నీ నావే. వెల మీద పది శాతం రాయల్టీ. మొదటి ముద్రణ 500. నాకు 15 కాపీలు ఉచితం, ఆపైన కావాలంటే నలభై శాతం తగ్గింపు మీద కొనుక్కోవచ్చు. మా ప్లీడరు అన్నయ్య ఒక వాక్యం చేర్చమన్నాడు, రెండేళ్లపాటు పుస్తకం ఎక్కడా దొరక్కపోతే హక్కులు నాకు తిరిగొచ్చేలా. అడగడానికి నేను మొహమాటపడ్డాను. అడిగితే వెంటనే చేర్చారు. నేను ఒక్క రూపాయి కట్టలేదు.

ఇక లోపాలు. ఉన్నాయి, దాచను.

ఆలస్యం విపరీతం. మొదటి మెయిలు నుంచి పుస్తకం చేతికొచ్చేదాకా ఇరవై రెండు నెలలు. నేను రాసుకున్న నాలుగు నెలలు తీసేసినా ఎక్కువే. మధ్యలో మూడు నెలలు ఫోన్ ఎత్తలేదు. టైపు యూనికోడ్ నుంచి అచ్చు పనికి వాడే అను ఫాంట్స్‌కి మార్చినప్పుడు వత్తులు చెదిరిపోయాయి. మూడుసార్లు ప్రూఫు చూసినా పుస్తకంలో పదకొండు అచ్చుతప్పులు ఉన్నాయి, నేనే లెక్కపెట్టాను. కవరు మీద ఆకుపచ్చ స్క్రీన్ మీద చూసినప్పుడు లేతగా ఉండేది, అచ్చులో నల్లబడింది. విజయవాడ పుస్తక మహోత్సవం మొదటిరోజుకే తెస్తామన్నారు, నాలుగోరోజుకు వచ్చింది. మొదటిరోజు సెలవు పెట్టుకుని వెళ్లి, స్టాల్లో నా పుస్తకం లేక తిరిగొచ్చాను. ఆ సాయంత్రం చాలా కష్టంగా గడిచింది. తర్వాత ఎడిటరు ఫోన్ చేసి క్షమించమన్నారు, కారణం కూడా చెప్పారు: బైండింగులో ఒక ఫారం తలకిందులుగా పడితే కాపీలన్నీ వెనక్కి పంపారట. 144 పేజీల పుస్తకం అంటే పదహారు పేజీల ఫారాలు తొమ్మిది. అందులో ఒకటి తప్పుపడ్డా పుస్తకం పనికిరాదు. ఆ పని చేసినందుకు ఆలస్యాన్ని మన్నించాను.

ఆవిష్కరణ సభ గురించి వాళ్లు చెప్పిన మాట మొదట నాకు నచ్చలేదు. సభకు వచ్చినవాళ్లందరికీ పుస్తకం ఉచితంగా పంచొద్దన్నారు. మా వార్డువాళ్లకు ఎలా అమ్మను? చివరికి బల్ల మీద పెట్టి, పక్కన మా అమ్మాయిని కూర్చోబెట్టాను. 41 కాపీలు అమ్ముడయ్యాయి. మా ఆయా డబ్బులిచ్చి కొనుక్కుంది. నేను వద్దన్నా వినలేదు, "మన వార్డు పుస్తకమమ్మా" అంది.

ఇంకొక సంగతి వాళ్లు చెప్పేదాకా నాకు తెలియదు. 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ పబ్లిషరు నెల రోజుల్లో కలకత్తా నేషనల్ లైబ్రరీకి పంపాలి. మద్రాసు కన్నెమరా లైబ్రరీ లాంటి మరికొన్ని లైబ్రరీలకూ పంపాలి. పంపిన రసీదుల ఫోటో నాకు పెట్టారు. ఆ ఫోటో చూసి చాలాసేపు కూర్చున్నాను. ఒంగోలు కాన్పుల వార్డులో ఒక రాత్రి జరిగిన సంగతి కలకత్తాలో ఒక అరలో ఉంటుంది.

ఏప్రిల్లో లెక్క వచ్చింది. 312 కాపీలు అమ్ముడయ్యాయి. 160 వెల మీద పది శాతం చొప్పున 4,992 రూపాయలు, అకౌంటులో పడ్డాయి. ఎవరెవరు ఎన్ని తీసుకున్నారో షాపుల వారీగా రాసి పంపారు. ప్యాకేజీకి కట్టిన అడ్వాన్సు కన్నా ఎనిమిది రూపాయలు తక్కువ.

మా ఒంగోలులో మాత్రం పుస్తకం ఏ షాపులోనూ దొరకడం లేదు, ఇది వాళ్లు సరిచేయాలి. రెండుసార్లు చెప్పాను. ప్రస్తుతానికి బస్టాండు దగ్గర స్టేషనరీ షాపతన్ని బతిమాలి అయిదు కాపీలు పెట్టించాను. మూడు పోయాయి.

మీరు మొదటి పుస్తకంతో తిరుగుతూ ఉంటే, పబ్లిషరు అన్న మనిషిని ముందు ఒకటే అడగండి: నా కథల్లో ఏది తీసేస్తారు? జవాబు చెప్పలేకపోతే చదవలేదని అర్థం. రిటైరయ్యేలోపు పుస్తకం రావాలి, అమ్మ చూడాలి లాంటి తొందర ఉంటే ఈ దారి పనికిరాదు. ప్రెస్సుకే వెళ్లండి, కాపీలు మీ ఇంట్లో పెట్టుకోండి. వ్యవధి ఉంటే ఆగండి.

రెండో పుస్తకానికి ఏడు కథలయ్యాయి. పన్నెండయ్యాక మళ్లీ వాళ్లకే పంపుతాను. వీటిలో ప్రసవం అనే మాట ఒక్కచోటే ఉంది, ఒక స్టూడెంట్ నర్సు భయపడుతూ కేసు షీటు నింపే చోట.