ఎమ్మెల్యే పనితీరు: సభ రికార్డు చూడాలా, ఫేస్‌బుక్ పేజీ చూడాలా?

సభ రికార్డులో ఓటు కోసం వెతికితే నిరాశే. మన శాసనసభల్లో బిల్లులు దాదాపు అన్నీ మూజువాణి ఓటుతోనే (‘అవును’, ‘కాదు’ అని నోటితో చెప్పడం) గట్టెక్కుతాయి. డివిజన్ (ఓట్లను విడివిడిగా లెక్కపెట్టడం) జరిగితే తప్ప ఎవరు ఎటో పేరుపేరునా నమోదు కాదు. జరిగినా, 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు (ఫిరాయింపుల నిరోధక చట్టం) ఉండనే ఉంది: విప్, అంటే ఎటు ఓటేయాలో పార్టీ ఇచ్చిన ఆదేశం, మీరిన సభ్యుణ్ణి పార్టీ 15 రోజుల్లోగా మన్నించకపోతే పదవికే ఎసరు. అంటే ఆ ఓటు పార్టీదే. మనిషి తెలిసేది ప్రశ్నల్లో. నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు; గుర్తు లేనిదానికి రాతపూర్వక జవాబుతో సరి. (మంత్రయితే ప్రశ్నలు వేయడు, సున్నా చూసి తిట్టుకోకండి.)

ఫేస్‌బుక్ పోస్టు వెంటనే వస్తుంది, మన ఊరి పేరూ ఉంటుంది. కానీ ‘రోడ్డుకు రూ.2 కోట్లు మంజూరు’ అంటే ముందు జీవో నంబరు, తేదీ అడగండి. అది పరిపాలనా అనుమతి మాత్రమే అయితే సాంకేతిక మంజూరు, టెండరు, ఒప్పందం ఇంకా మిగిలే ఉంటాయి. కొబ్బరికాయ కొట్టిన ఫొటో, కొత్త శిలాఫలకం ఉండి కంకర కుప్ప కనబడకపోతే, ఫైలు వీటిలో ఎక్కడ ఆగిందో డివిజన్ ఇంజినీరు ఆఫీసులో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.